ఆటే వారికి అక్షరం.. అందించేదెవరు?

* ఎదుగుదల లోపాలున్న చిన్నారుల కోసమే రూపుదిద్దుకున్న బోధన వారికే దూరం
* ఆరేళ్ల నుంచే విద్యాహక్కు.. అంతకుముందు వయసుపై అస్పష్టత
* అంగన్‌వాడీ, ఆస్పత్రి, భవిత కేంద్రాల నడుమ కొరవడిన అనుసంధానం

వరంగల్‌: ‘మాంటిస్సోరి’ అన్న పేరు తెలుగునాట ఎవరికీ కొత్త కాదు. చిన్న పట్టణాల్లో సైతం ఆ పేరు తగిలించుకున్న బడులు కనిపిస్తాయి. రంగురంగుల గోడలు, కొయ్య దిమ్మెలు, పూసల దండలు, బొమ్మల గదులు చూపి తల్లిదండ్రులను ఆకట్టుకోవడం పరిపాటిగా మారింది. అయితే ఆ కొయ్య దిమ్మెల వెనుక ఉన్న కథ తెలిసినవారు తక్కువ. ఈ పద్ధతికి మూలాలు పడింది కలవారి పిల్లల కోసం కాదు. తెలివితేటలు కొరవడ్డాయని లోకం పక్కన పెట్టిన చిన్నారుల కోసం. నేడు ఆ పద్ధతి పేరుతో నడుస్తున్న తరగతి గదుల్లో అధికభాగం ఆ చిన్నారులకే అందుబాటులో లేకపోవడం విచారకరం.

మాటలు రాని పిల్లలు, నడక ఆలస్యమైన పిల్లలు, పిలిస్తే పలకని పిల్లలు ఉమ్మడి వరంగల్‌ జిల్లా పల్లెల్లోనూ ఉన్నారు. వారిలో పలువురి బాల్యం నులక మంచానికో, వాకిట్లోని అరుగుకో పరిమితమవుతోంది. పత్తి ఏరే రోజుల్లోనూ, మిరప కోతల కాలంలోనూ తల్లి కూలికి వెళ్లక తప్పదు. బిడ్డ నానమ్మ చెంత మిగిలిపోతాడు. ‘పెద్దయితే వాడే నేర్చుకుంటాడులే’ అన్న ఓదార్పు మాటతో ఏళ్లు గడిచిపోతాయి. వరంగల్‌ నగరం 2022లో యునెస్కో అంతర్జాతీయ అభ్యసన నగరాల కూటమిలో చోటు సంపాదించింది. ఆ గౌరవం సార్థకం కావాలంటే అందరికంటే నెమ్మదిగా నేర్చుకునే బిడ్డ ఎక్కడ, ఎలా నేర్చుకుంటున్నాడన్న ప్రశ్నకు సమాధానం వెతకాల్సి ఉంది.

పుట్టింది వీరి కోసమే

ఈ బోధన చరిత్ర రెండు శతాబ్దాల కిందట ఫ్రాన్స్‌లో మొదలైంది. 1800 ప్రాంతంలో అడవిలో దొరికిన ఓ బాలుడికి ఇటార్డ్‌ అనే వైద్యుడు స్పర్శ, చూపు, వినికిడి ద్వారా పాఠాలు నేర్పే ప్రయత్నం చేశారు. ఆయన శిష్యుడు సెగ్విన్‌ ఆ ప్రయోగాన్ని మేధోవైకల్యం ఉన్న పిల్లలకు వర్తింపజేశారు. ముందు కండరాలకు, ఇంద్రియాలకు పని చెప్పాలని, ఆలోచన ఆ తరువాత వికసిస్తుందని ఆయన వాదించారు. చేతితో తడిమి చూసే దిమ్మెలు, గుండీలు పెట్టే చట్రాలు, మెట్లెక్కి దిగే అభ్యాసాలు ఆ ఆలోచన నుంచే వచ్చాయి.

ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి వీరిద్దరి రచనలను ఆసాంతం అధ్యయనం చేశారు. 1900లో రోమ్‌లో ఎదుగుదల లోపాలున్న పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు ఉద్దేశించిన సంస్థలో బాధ్యతలు స్వీకరించారు. బోధనకు పనికిరారని ముద్ర పడిన పిల్లల్లో కొందరు ఆమె శిక్షణతో చదవడం, రాయడం నేర్చుకున్నారు. సాధారణ పిల్లలు రాసే పరీక్షల్లోనూ నెగ్గారు. లోకం ఆ ఫలితాన్ని వేనోళ్ల కొనియాడితే ఆమె మాత్రం మరో ప్రశ్న వేసుకున్నారు. ఈ పిల్లలే ఇంత సాధించగలిగితే, ఏ లోపమూ లేని పిల్లలను మామూలు బడులు ఎందుకు వెనుకబెడుతున్నాయన్నదే ఆ ప్రశ్న. 1907 జనవరి 6న రోమ్‌లోని పేదల వాడలో ఆమె తెరిచిన పిల్లల ఇల్లు ఆ ప్రశ్నకు సమాధానంగా వెలసింది.

దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై 1939లో ఆమె మద్రాసులోని అడయారుకు వచ్చారు. ప్రపంచ యుద్ధం కారణంగా 1946 వరకు భారతదేశంలోనే ఉండిపోయారు. ఆ ఏళ్లలో దేశం నలుమూలల నుంచి వచ్చిన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అలా ఈ బోధన మన దేశంలో వేళ్లూనుకుంది. కాలక్రమంలో ఆ పేరు వ్యాపార చిహ్నంగా మారింది. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. ఫలితంగా పేరు మిగిలి, అది మొదట ఎవరి కోసమో ఆ పిల్లలు గడప బయటే నిలిచిపోయారు.

ఏమిటీ పద్ధతి?

చేతులతో చేస్తూ, తన చొరవతో నేర్చుకునే విధానంలో ఉపాధ్యాయుడి పాత్ర తలకిందులవుతుంది. మామూలు బడిలో పెద్దలు చెబుతారు, పిల్లలు వింటారు. ఇక్కడ పిల్లవాడు ముందు నడుస్తాడు, పెద్దలు వెంట నడుస్తారు. బిడ్డ దేనివైపు చూస్తున్నాడు, దేన్ని అందుకుంటున్నాడు, ఏ శబ్దానికి తల తిప్పుతున్నాడు అన్నది గమనించడం తొలి మెట్టు. ఆ ఆసక్తిలోనే ఓ చిన్న పాఠాన్ని ఇమడ్చడం రెండో మెట్టు. బిడ్డ స్పందించే వరకు ఓపికగా నిరీక్షించడం మూడో మెట్టు. నిజానికి ఈ మూడోదే అన్నింటికంటే కష్టం.

ఉదాహరణకు బొమ్మ బండి చక్రాన్ని గంటల తరబడి తిప్పుతూ కూర్చునే నాలుగేళ్ల బాలుణ్ని తీసుకుందాం. పిలిస్తే పలకడు. బొమ్మ లాక్కుంటే ఏడుస్తాడు. ‘ఆ ఆట మాను, అ ఆలు దిద్దు’ అని పలక చేతికిస్తే విసిరేస్తాడు. ఈ పద్ధతి తెలిసిన పెద్దలు బండి లాక్కోరు. పక్కనే కూర్చుని తామూ ఓ చక్రాన్ని తిప్పుతారు. బాలుడు ఓరకంట చూసిన క్షణాన ఆపేస్తారు. మళ్లీ తిప్పమన్నట్లు అతడు చేయి చాపితే అదే తొలి సంభాషణ. ‘తిప్పు’ అన్న ఒక్క మాటను ఆ చేయి చాపిన క్షణానికి జోడిస్తారు. మాట అర్థవంతం కావడానికి ముందు, దాన్ని పలకాల్సిన అవసరం బిడ్డకు కలగాలి. పలకతో సాధ్యం కాని ఆ అవసరాన్ని చక్రం కల్పిస్తుంది.

ఎదుగుదల లోపాలున్న చిన్నారులకు చేతిపని ముఖ్యం కావడానికి మరో కారణం ఉంది. విన్న మాట గాలిలో కలిసిపోతుంది. చేతిలోని వస్తువు అక్కడే ఉంటుంది. మరిచిపోతే మళ్లీ తడమవచ్చు. పొరపాటు చేస్తే వస్తువే చెబుతుంది. పెద్ద మూత చిన్న డబ్బాకు పట్టదు. ‘తప్పు’ అని గద్దించేవారు లేకుండానే బిడ్డ తన పొరపాటును తానే దిద్దుకుంటాడు. మాటల్లో చెప్పే సూచనలను అందుకోలేని పిల్లలకు ఈ అవకాశం అమూల్యమైనది.

సామగ్రి వంటింట్లోనే

ఈ బోధనకు వేల రూపాయల ఉపకరణాలు కావాలన్నది అపోహ. తెలుగువారి ఇళ్లలో, పొలాల్లో దీనికి కావాల్సిన సరంజామా పుష్కలంగా ఉంది. పళ్లెంలో బియ్యం పోసి వేలితో ‘ఓం’ దిద్దించే అక్షరాభ్యాసం మన ఇళ్లలో నేటికీ సాగుతోంది. పూర్వపు వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవారు. గరుకు కాగితంపై అక్షరాలు కత్తిరించి వేలితో తడమమన్న మాంటిస్సోరి పాఠం దీనికి దగ్గరి చుట్టమే. వేలి కొస ద్వారా అక్షరం మనసులో నాటుకుంటుందన్న సత్యం మన పూర్వులకు అనుభవంలోనే తెలుసు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. అక్షరాభ్యాసం నాడు ఒక్కరోజు బియ్యంలో రాయించి, మర్నాటి నుంచి పెన్సిల్‌ చేతికిస్తున్నారు. వేళ్లలో పట్టు లేని బిడ్డకు ఆ బియ్యం పళ్లెం ఏడాది పాటు అవసరం కావచ్చు.

చెంబుతో బకెట్లోకి నీళ్లు పోయడం మణికట్టుకు అభ్యాసం. చపాతీ పిండి పిసకడం, బంకమట్టితో గురిగీలు చేయడం వేళ్లకు బలం. శనగలు, మినుములు కలిపి పోసి వేరు చేయమనడం పోలిక, తేడా గుర్తించే పాఠం. బట్టలు మడత పెట్టడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం స్వయంసమృద్ధికి తొలి అడుగు. బతుకమ్మ పేర్చే వేళ తంగేడును ఓవైపు, గునుగును మరోవైపు, బంతిపూలను వేరుగా పెట్టమంటే రంగుల పాఠం పండగలో కలిసిపోతుంది. పైగా ఆ బిడ్డ పండగకు దూరంగా మూలన కూర్చోడు. పది మందితో కలిసి కూర్చుంటాడు. ఆ కలయికే సగం వైద్యం.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వస్తువులను నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లలకు గింజలు, పూసలు, గోళీలు ప్రమాదకరం. అవి గొంతులో ఇరుక్కోవచ్చు. ముక్కులో, చెవిలో దూర్చుకునే ముప్పూ ఉంది. అలాంటి వారికి గుప్పిట్లో పట్టని పెద్ద వస్తువులనే ఇవ్వాలి. నీళ్ల ఆటైనా, గింజల ఆటైనా పెద్దలు పక్కన లేకుండా ఆడించరాదు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులున్నారు. వారిలో ఆరేళ్లలోపు చిన్నారులు 20.42 లక్షలు. ఆ వయసు పిల్లల్లో ఇది 1.24 శాతం మాత్రమే. దీనికి భిన్నంగా దేశంలోని ఐదు ప్రాంతాల్లో జరిపి 2018లో ప్రచురించిన ఇన్‌క్లెన్‌ అధ్యయనం మరో చిత్రాన్ని ఆవిష్కరించింది. హైదరాబాద్‌ కూడా అందులో ఒకటి. 2 నుంచి 9 ఏళ్ల మధ్య వయసున్న 3,964 మందిని పరీక్షించగా దాదాపు 12 శాతం మందిలో ఏదో ఒక నాడీ సంబంధ ఎదుగుదల సమస్య ఉన్నట్లు తేలింది. అంటే రమారమి ఎనిమిది మందిలో ఒకరు. చూపు, వినికిడి లోపాలు, మూర్ఛ, ఆటిజం, మేధోవైకల్యం, భాషా లోపాలు తదితరాలన్నింటినీ కలిపి వేసిన లెక్క ఇది.

రెండు లెక్కల నడుమ ఇంత వ్యత్యాసం ఎందుకన్నది ఆలోచించాల్సిన విషయం. జనాభా లెక్కల్లో ఇంటివారు చెప్పిందే నమోదవుతుంది. వైద్యుడి పరీక్ష ఉండదు. పైగా 2011 నాటి పత్రంలో ఆటిజానికి ప్రత్యేక గడి లేదు. మూడేళ్ల బిడ్డకు మాటలు రాకపోతే దాన్ని వైకల్యంగా ఏ కుటుంబమూ చెప్పుకోదు. ‘వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి’ అని సర్దుకుంటుంది. లెక్కలోకి రాని బిడ్డకు కేటాయింపు ఉండదు, ఉపాధ్యాయుడూ ఉండడు.

యునెస్కో 2019లో వెలువరించిన నివేదిక మరో చేదు నిజాన్ని బయటపెట్టింది. దేశంలో వైకల్యమున్న ఐదేళ్ల పిల్లల్లో నాలుగింట మూడొంతుల మంది ఏ విద్యాసంస్థకూ వెళ్లడం లేదు. 5 నుంచి 19 ఏళ్ల వారిని తీసుకుంటే బడి బయట ఉన్నవారు నాలుగో వంతు. అంటే చాలామంది బిడ్డలు బడికి రావడం లేదని కాదు, ఆలస్యంగా వస్తున్నారని అర్థం. మెదడు శరవేగంగా ఎదిగే తొలి ఏళ్లు చేజారిన తరువాతే వారికి బడి ద్వారం తెరుచుకుంటోంది.

చట్టం చూపు ఆరేళ్ల నుంచే

ఈ ఆలస్యానికి కుటుంబాల అవగాహన లోపం ఒక్కటే కారణం కాదు. చట్టాల తీరూ కారణమే. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వారికి వర్తిస్తుంది. 2012 సవరణతో వైకల్యమున్న పిల్లలను స్పష్టంగా అందులో చేర్చారు. తీవ్ర వైకల్యమున్నవారు ఇంటి వద్దే చదువుకునే వీలు కల్పించారు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం గుర్తించే వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. నిర్దేశిత స్థాయి వైకల్యమున్న పిల్లలకు 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా ప్రకటించింది. కానీ ఆ హక్కు సైతం ఆరో ఏటనే మొదలవుతుంది.

ఆరేళ్లలోపు మాటేమిటి? రాజ్యాంగంలోని 45వ అధికరణం బాల్య సంరక్షణ, విద్య అందించేందుకు ప్రభుత్వం ‘ప్రయత్నించాలి’ అంటోంది. విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షన్‌ పూర్వ ప్రాథమిక విద్యకు ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అంటోంది. చేయాలి అన్న మాటకు, చేయవచ్చు అన్న మాటకు మధ్య ఉన్న అంతరంలోనే మూడు నుంచి ఆరేళ్ల బిడ్డ భవిష్యత్తు చిక్కుకుంది.

మూడు గడపలు.. ఒక్క బిడ్డ

క్షేత్రస్థాయిలో ఈ చిన్నారుల కోసం వ్యవస్థలు లేవా అంటే ఉన్నాయి. ఒకటి కాదు, మూడు ఉన్నాయి. మొదటిది అంగన్‌వాడీ. ఊరికి అతి దగ్గరగా ఉండేది, బిడ్డ తల్లికి పేరుతో సహా తెలిసినది అదే. 2023 మేలో కేంద్రం ప్రారంభించిన ‘పోషణ్‌ భీ పఢాయీ భీ’ కార్యక్రమం అంగన్‌వాడీలను ఆటపాటల బడులుగా తీర్చిదిద్దాలని లక్ష్యంగా పెట్టుకుంది. అదే ఏడాది నవంబరు 28న దివ్యాంగ చిన్నారుల కోసం ప్రత్యేకంగా అంగన్‌వాడీ మార్గదర్శకాలు వెలువడ్డాయి. లోపాన్ని ముందే గుర్తించడం, ఇతర పిల్లలతో కలిపి కూర్చోబెట్టడం, నిపుణుల వద్దకు పంపడం వాటి సారాంశం. 2024లో మూడేళ్లలోపు వారికి ‘నవచేతన’, మూడు నుంచి ఆరేళ్ల వారికి ‘ఆధారశిల’ పేరిట ఆటల ఆధారిత ప్రణాళికలు వచ్చాయి.

రెండోది ఆస్పత్రి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వెళ్లి పిల్లలను పరీక్షించాలి. అనుమానం ఉన్నవారిని డీఈఐసీగా పిలిచే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. వరంగల్‌ ఎంజీఎం ఆస్పత్రిలో ఈ కేంద్రం ఉంది. మూడోది పాఠశాల విద్యాశాఖ పరిధిలోని భవిత కేంద్రం. మండల స్థాయిలో ఉండే ఈ కేంద్రాల్లో ఐఈఆర్‌పీలుగా పిలిచే ఒప్పంద ఉపాధ్యాయులు బోధిస్తారు. కదలలేని పిల్లల ఇళ్లకూ వెళ్తారు.

కాగితంపై చూస్తే లోటు లేదు. అయితే మూడు వ్యవస్థలు మూడు వేర్వేరు శాఖల కింద ఉన్నాయి. అంగన్‌వాడీ స్త్రీ శిశు సంక్షేమ శాఖది, డీఈఐసీ వైద్యారోగ్య శాఖది, భవిత విద్యాశాఖది. అంగన్‌వాడీలో అనుమానించిన బిడ్డ డీఈఐసీకి చేరాడా, అక్కడ నేర్పిన అభ్యాసం తిరిగి అంగన్‌వాడీలో కొనసాగుతోందా, ఆరో ఏట ఆ వివరాలు భవిత కేంద్రానికి అందుతున్నాయా అన్నది ఒక్కచోట చూసేవారు ఉండాలి. ఆ బాధ్యత ప్రస్తుతం తల్లి భుజాలపైనే పడుతోంది. ప్రతి గడపలోనూ ఆమె బిడ్డ కథను మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తోంది.

దూరాభారం మరో సమస్య. ఉమ్మడి వరంగల్‌ జిల్లా 2016 అక్టోబరులో ఐదు జిల్లాలుగా విడిపోయింది. 2019లో ములుగు ఏర్పడటంతో ఆరయ్యాయి. పాలన దగ్గరైనా నిపుణులు దగ్గర కాలేదు. ఏటూరునాగారం వైపు నుంచి వరంగల్‌ రావాలంటే వంద కిలోమీటర్ల ప్రయాణం. బస్సు చార్జీలకు తోడు తల్లి ఒకరోజు కూలి పోతుంది. నెలకోసారి రావడమే గగనమైనప్పుడు, నిత్యం సాగాల్సిన సాధన ఆస్పత్రిలో ఎలా సాధ్యం? అందుకే సాధన ఇంట్లోనూ, అంగన్‌వాడీలోనూ జరగాలి. ఆస్పత్రి దారి చూపాలి.

పింఛను విషయంలోనూ ఒక వైరుధ్యం ఉంది. తెలంగాణలో 2023లో వికలాంగుల పింఛను రూ.3,016 నుంచి రూ.4,016కు పెరిగింది. పేద కుటుంబానికి అది పెద్ద ఆసరా. అందువల్ల బిడ్డలో లోపం బయటపడగానే తల్లిదండ్రుల తొలి పరుగు ధ్రువపత్రం కోసమే. వైకల్యం శాతం తేలిన తరువాత ఇక చేయాల్సిందేమీ లేదన్న భావన స్థిరపడుతోంది. ధ్రువపత్రం బిడ్డ ఏం చేయలేడో చెబుతుంది. ఏం చేయగలడో, తరువాతి అడుగు ఏమిటో చెప్పే పత్రం కూడా దాంతో పాటే చేతికి రావాలి.

వెంట నడవడమంటే వదిలేయడం కాదు

ఈ పద్ధతిపై అపోహలూ లేకపోలేదు. బిడ్డకు ఇష్టమైనది చేయనివ్వడమే పద్ధతి అనుకుంటే పొరపాటు. ఆటిజం ఉన్న కొందరు పిల్లలు ఒకే ఆటలో గంటల తరబడి మునిగిపోతారు. వారిని అలాగే వదిలేస్తే ఆ ఆట గోడగా మారుతుంది. ఆ గోడకు కిటికీ పెట్టడమే పెద్దల పని. అలాగే పళ్లు తోముకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, రోడ్డు దాటడం వంటివి బిడ్డకు ఆసక్తి కలిగే వరకు ఆగదగినవి కావు. వాటిని చిన్న చిన్న అంచెలుగా విడదీసి, ఒక్కో అంచెను పదేపదే చేయించి నేర్పాలి. సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పాటైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ తయారుచేసిన బోధన సామగ్రిలో ఈ అంచెల పద్ధతికే పెద్దపీట వేశారు. నీపిడ్‌గా పేరు మారిన ఆ సంస్థ ఉపాధ్యాయులను తీర్చిదిద్దుతూనే ఉంది. పిల్లవాడి చొరవ, అంచెల శిక్షణ ఒకదానికొకటి విరోధులు కావు. రెండు ఎడ్లు కలిస్తేనే అరక సాగుతుంది.

ఇది వైద్యానికి ప్రత్యామ్నాయమూ కాదు. మూర్ఛ ఉన్న బిడ్డకు మందులు ఆపరాదు. సెరిబ్రల్‌ పాల్సీ ఉన్న బిడ్డకు ఫిజియోథెరపీ తప్పదు. మాటలు రానప్పుడు ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. ఆటిజం, డౌన్‌ సిండ్రోమ్‌, మేధోవైకల్యాలను పూర్తిగా మాయం చేస్తామని హామీ ఇచ్చే ప్రకటనలను నమ్మి అప్పులపాలు కావద్దు. ఆట బోధన లక్ష్యం లోపాన్ని చెరిపేయడం కాదు. తన చేత్తో తాను తినడం, తన అవసరాన్ని తాను చెప్పుకోవడం, నలుగురిలో కలవడం దాని గమ్యం.

నిపుణులు లేని ఊళ్లో సాధ్యమేనా?

ఇంతటి సున్నితమైన పనిని పల్లెలో ఎవరు చేస్తారన్న సందేహం సహజం. దీనికి 2016లో వెలువడిన ఒక అధ్యయనం కొంత సమాధానం ఇస్తోంది. గోవాలోనూ, పాకిస్థాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న 65 మంది చిన్నారులపై దీన్ని జరిపారు. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, ఆరు నెలల్లో 12 విడతలుగా తల్లిదండ్రులకు మెలకువలు నేర్పించారు. బిడ్డను శాసించకుండా అతడి చొరవకు స్పందించడమే ఆ మెలకువల సారం. తల్లిదండ్రుల స్పందన మెరుగైంది, బిడ్డ తనంతట తాను మొదలుపెట్టే సంభాషణలు పెరిగాయి. అయితే అన్ని కొలమానాల్లోనూ ప్రగతి కనిపించలేదు. ఇద్దరూ కలిసి ఒకే విషయంపై దృష్టి నిలిపే సమయం పెరగకపోగా తగ్గింది. పరిమితులున్నా, వైద్య నిపుణులు లేనిచోట సైతం శిక్షణ పొందిన గ్రామస్థాయి కార్యకర్త వల్ల ప్రయోజనం ఉంటుందని ఈ అధ్యయనం చాటింది. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలున్న మన పల్లెలకు ఇది ఆశాకిరణం.

స్వచ్ఛంద రంగంలోనూ అనుభవం ఉంది. హన్మకొండలోని మల్లికాంబ మనోవికాస కేంద్రం మేధోవైకల్యమున్న పిల్లల కోసం చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. ఇలాంటి ప్రత్యేక పాఠశాలల్లో పోగుపడిన అనుభవాన్ని పల్లె అంగన్‌వాడీలకు చేరవేసే వారధి లేకపోవడమే లోపం.

ఉపాధ్యాయుల కొరత విషయంలో సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో కీలక తీర్పు ఇచ్చింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని నిర్దేశించింది. పోస్టులను గుర్తించి నోటిఫై చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలను మరోసారి ఆదేశించింది. తెలంగాణలో 2024 డీఎస్సీ ప్రకటించిన 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 220 స్కూల్‌ అసిస్టెంట్‌, 796 ఎస్జీటీ పోస్టులు కేటాయించారు. ఇది స్వాగతించదగ్గ పరిణామం. అయితే ఈ నియామకాలన్నీ బడి కోసమే. బడికి ముందు ఉన్న మూడేళ్లకు అలాంటి ఉపాధ్యాయుడు ఎవరూ లేరు.

చేయాల్సిందేమిటి?

కొత్త భవనాలు, కొత్త పథకాలు అక్కర్లేదు. ఉన్న మూడు గడపలను కలిపితే చాలు. అంగన్‌వాడీలో అనుమానించిన ప్రతి బిడ్డకూ ఒకే పుస్తకం ఉండాలి. డీఈఐసీ నిపుణులు అందులో ఈ నెల ఇంట్లో చేయించాల్సిన రెండు మూడు ఆటలను తల్లికి అర్థమయ్యే తెలుగులో రాసివ్వాలి. అదే పుస్తకాన్ని అంగన్‌వాడీ టీచరు, భవిత ఐఈఆర్‌పీ అనుసరించాలి. నెలకు ఒకరోజు ఐఈఆర్‌పీ అంగన్‌వాడీలోనే కూర్చుని పిల్లవాడితో ఎలా ఆడాలో టీచరుకు, తల్లికి చేసి చూపాలి. ఉపన్యాసం విని ఎవరూ ఈ పద్ధతి నేర్చుకోలేరు. చేతులతో నేర్పే విద్యను నేర్పించేవారికీ చేతులతోనే నేర్పాలి.

అంగన్‌వాడీ టీచర్లపై ఇప్పటికే పోషకాహారం, తూకాలు, రికార్డులు, సర్వేల భారం ఉంది. ఈ బిడ్డకు వెచ్చించే అరగంటను అదనపు చాకిరీగా కాక, పనివేళల్లో భాగంగా గుర్తించాలి. దూర మండలాల నుంచి డీఈఐసీకి వచ్చే తల్లులకు ప్రయాణ ఖర్చులు చెల్లించే విషయాన్ని పరిశీలించాలి. పూర్వ ప్రాథమిక విద్య అందిస్తామంటూ రుసుములు వసూలు చేసే ప్రైవేటు బడులు వైకల్యమున్న చిన్నారులకు ద్వారాలు మూయకుండా విద్యాశాఖ దృష్టి సారించాలి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

* మూడు నెలలు దాటినా మనుషుల ముఖం చూసి నవ్వకపోవడం
* తొమ్మిది నెలలు నిండినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం
* ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం
* ఏడాదిన్నర నిండినా నడవకపోవడం, ఒక్క మాటైనా పలకకపోవడం
* రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి చెప్పలేకపోవడం
* ఏ వయసులోనైనా, వచ్చిన మాటలు, పనులు మరిచిపోవడం

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వైకల్యం ఉన్నట్లు కాదు. పరీక్ష అవసరమని మాత్రమే అర్థం. అంగన్‌వాడీ టీచరుకో, ఆశా కార్యకర్తకో చెప్పి పిల్లల వైద్యుడిని కలవాలి. ధ్రువపత్రం వచ్చే వరకు ఆటలు ఆపనక్కర్లేదు. బిడ్డ చేతికి ఈరోజే బియ్యం పళ్లెం ఇవ్వవచ్చు.

నూట పాతికేళ్ల కిందట రోమ్‌లో ఒక వైద్యురాలు, చదువుకు పనికిరారన్న పిల్లల చేతుల్లో కొయ్య దిమ్మెలు పెట్టి చదువు నేర్పారు. ఆ దిమ్మెలు నేడు లోకమంతా చుట్టి వచ్చాయి. మన వీధి చివరి బడి వరకూ చేరాయి. అక్కడి నుంచి అదే వీధిలో అరుగు మీద కూర్చున్న బిడ్డ చేతిలోకి అవి చేరడానికి ఇంకెన్నేళ్లు పడుతుందన్నది అధికార యంత్రాంగం, సమాజం కలిసి తేల్చాల్సిన ప్రశ్న.